ఎలుగుబంట్లు పారాచూట్లలో దిగే యుద్ధం

ప్రశ్న: మా తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ‘రెడ్ అలర్ట్ 3’ అనే పాత కంప్యూటర్ ఆట ముందు కూర్చుంటాడు. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. ఒక బండి ఎలుగుబంట్లను ఫిరంగిగుండ్లలా ఆకాశంలోకి విసురుతోంది, అవి పారాచూట్లతో దిగి సైనికుల మీద పడుతున్నాయి. మధ్యలో వచ్చే సన్నివేశాల్లో నటులు గొంతు చించుకుని మాట్లాడుతున్నారు. అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు కదా, మరి ఇంత అతిలో వీళ్లకు నచ్చేది ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చూసిన ఎలుగుబంట్లతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మీరు అడిగినదానికి సమాధానం చాలావరకు వాటిలోనే ఉంది. 2008లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ విడుదల చేసిన ఈ ఆటలో సోవియట్ పక్షానికి ‘వార్ బేర్’ అనే కవచం తొడిగిన ఎలుగుబంటి ఉంటుంది. అది శత్రు సైనికులను తరిమి పట్టుకుంటుంది, నీళ్లలో ఈదుతుంది, ఒక్కసారి గట్టిగా అరిచిందంటే చుట్టుపక్కల ఉన్న సైనికులు కొద్దిసేపు కొయ్యబారిపోతారు. ‘బుల్‌ఫ్రాగ్’ అనే వాహనం నేల మీదా నీటి మీదా నడుస్తూ, దాన్ని గోడ అవతలికి విసరగలదు. చూసేవారికి అది నవ్వు తెప్పించే దృశ్యం. ఆడేవారికి మాత్రం అది ఏ పనికి, ఏ క్షణంలో వాడాలో స్పష్టంగా తెలిసిన ఆయుధం.

రియల్‌టైమ్ స్ట్రాటజీ అనే ఈ రకం ఆటల్లో చదరంగంలోలా వంతులు ఉండవు. మీరు ఖనిజం తవ్వించి, ఆ డబ్బుతో కట్టడాలు లేపి, ట్యాంకులు తయారు చేయించుకుంటూ ఉండగానే, అవతలివాడు కూడా అదే పని చేస్తూ మీ మీదికి వస్తుంటాడు. తెర మీద ఒకేసారి పాతిక ముప్పై బొమ్మలు కదులుతుంటే, వాటిలో ఏది ప్రమాదమో, దాన్ని దేనితో ఎదుర్కోవాలో రెప్పపాటులో గుర్తుపట్టాలి. అచ్చం నిజం యుద్ధంలా తీర్చిన ఆటల్లో రెండు సైన్యాల ట్యాంకులూ ఒకే మట్టిరంగులో ఉండి కొత్తవారిని తికమక పెడతాయి. ఇక్కడ ‘కిరోవ్’ అనే బాంబుల విమానం ఓడంత గాలిబుడగలా నెమ్మదిగా తేలుతూ వస్తుంది కాబట్టి, దాన్ని మరో దానిగా పొరబడే వీలే లేదు. తోలుబొమ్మలాటలో బొమ్మకు పెద్ద కళ్లు, కొట్టొచ్చే రంగులు ఎందుకు పెడతారో, ఇక్కడ ఈ అతి కూడా అందుకే ఉంది: వెనక వరుసలో కూర్చున్నవాడికీ తెర మీద ఎవరున్నారో తెలియాలి.

పైగా ఈ ఆటలో దాదాపు ప్రతి యూనిట్‌కూ రెండో శక్తి ఒకటి ఉంటుంది, దాన్ని ఎప్పుడు వాడాలన్నది ఆటగాడు తేల్చుకోవలసిందే. కిరోవ్‌ను వేగంగా నడిపించవచ్చు, కానీ నడిపినంతసేపూ అది తనను తానే దెబ్బతీసుకుంటుంది. సోవియట్‌తో తలపడే అమెరికా, ఐరోపా దేశాల కూటమి అయిన మిత్రపక్షపు ‘క్రయోకాప్టర్’ శత్రు ట్యాంకును గడ్డకట్టిస్తుంది, లేదంటే చిన్న బొమ్మంతగా కుదించేస్తుంది. కుదించిన ట్యాంకు బలహీనపడుతుంది, కానీ దాని వేగం పెరుగుతుంది కనుక, ఆ పని పారిపోవాలనుకుంటున్న శత్రువుకు మేలు కూడా చేయవచ్చు. ఇంత వింత ఊహ వెనక ఇంత చక్కని చిక్కుముడి ఉండడమే నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

ఇక నటుల సంగతి. సోవియట్ అధినేతగా టిమ్ కర్రీ, జపాన్ చక్రవర్తిగా జార్జ్ టకేయి, అమెరికా అధ్యక్షుడిగా జె.కె. సిమన్స్, బ్రిటిష్ సేనానిగా జొనాథన్ ప్రైస్ కెమెరా ముందు నటించారు. వీరిలో ఎవరూ ‘ఇది ఉత్తుత్తిదే’ అన్నట్టు ప్రేక్షకుల వైపు కన్ను గీటరు. పెట్టుబడిదారీ విధానం చెడగొట్టని ఏకైక చోటు అంతరిక్షమే, అక్కడికే పోతున్నానని టిమ్ కర్రీ ప్రకటించేటప్పుడు, ఒక పౌరాణిక నాటకంలో ప్రతినాయకుడు పద్యం ఎత్తుకున్నంత నిష్ఠ ఆయన గొంతులో వినిపిస్తుంది. నటుడు నమ్మకపోతే అతి వెకిలితనంగా మారుతుంది. ఇక్కడ నమ్మారు కాబట్టే అది రక్తి కట్టింది.

కథకు కూడా ఒక తర్కం ఉంది. 1996 నాటి మొదటి ‘రెడ్ అలర్ట్’లో ఐన్‌స్టీన్ కాలంలో వెనక్కి వెళ్లి హిట్లర్‌ను చరిత్రలోనే లేకుండా చేస్తాడు, అప్పుడు అడ్డులేని సోవియట్ సైన్యం ఐరోపా మీదికి వస్తుంది. మూడో ఆటలో ఓడిపోతున్న సోవియట్ నాయకులు అదే ఎత్తును ఐన్‌స్టీన్ మీదే వేస్తారు. 1927లో బ్రసెల్స్‌లో జరిగిన సాల్వే అనే భౌతిక శాస్త్రవేత్తల సమావేశానికి కాలంలో వెనక్కి వెళ్లి ఆయనను మాయం చేసి తిరిగి వచ్చేసరికి, అణ్వాయుధాలే పుట్టని ప్రపంచంలో జపాన్ సామ్రాజ్యం మూడో శక్తిగా నిలబడి ఉంటుంది. ఆ సమావేశం నిజంగా జరిగింది, ఐన్‌స్టీన్ దానికి నిజంగానే హాజరయ్యాడు. ఊహ ఎంత దూరం ఎగిరినా కాలు మోపడానికి చరిత్రలో ఒక రాయి వెతుక్కున్నారన్నమాట.

అయితే అందులోని అంతటినీ నేను సమర్థించను. స్త్రీ పాత్రల దుస్తులు సైనికాధికారుల దుస్తుల్లా లేవు, ఆ అతి ఆటకు ఏ విధంగానూ ఉపయోగపడదు. జపాన్ పక్షాన్ని కూడా కత్తులు, మరమనుషుల మూసలోనే పోశారు.

ప్రశ్న: నేనూ ఆడి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– అదే పాఠకురాలు

జవాబు: ఇంగ్లండ్ తీరంలోని బ్రైటన్‌లో మొదలయ్యే మిత్రపక్షపు కథ తీసుకోండి. కథలోని ప్రతి ఘట్టంలో మీ పక్కన మరో సేనాని ఉండేలా దీన్ని రూపొందించారు. ఆ స్థానాన్ని మరో మనిషి తీసుకోవచ్చు, లేకుంటే కంప్యూటరే ఆ పని చేస్తుంది. దానికంటే ముందు శిక్షణ భాగం తప్పక ఆడండి, అక్కడ మూడు పక్షాల ట్యాంకులే మాటలు నేర్చి, ఒకదాన్నొకటి దెప్పుకుంటూ మీకు పాఠం చెబుతాయి.