టెక్ సందేహాలు: సాకెట్ నుంచి మెసేజ్ సగమే వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: సెన్సర్ రీడింగులు అందుకోవడానికి పైథాన్‌లో టీసీపీ సర్వర్ రాశాను. ఒక్కో రీడింగ్ రెండు మూడు వేల బైట్ల జేసన్ (డేటాను అక్షరాల రూపంలో రాసే పద్ధతి). డేటా చదివే రిసీవ్ ఫంక్షన్‌కి 4096 ఇచ్చాను. క్లయింట్‌నీ సర్వర్‌నీ ఒకే కంప్యూటర్‌లో నడిపితే ఇబ్బంది లేదు. వేరే మెషీన్ నుంచి పంపితే ఒక్కోసారి సగం జేసనే వస్తోంది, ఒక్కోసారి రెండు కలిసి వస్తున్నాయి. 4096ని 65536 చేసినా అంతే. తప్పు నెట్‌వర్క్‌దా?

జవాబు: నెట్‌వర్క్ తన పని సరిగ్గానే చేస్తోంది. టీసీపీ బైట్లను వరస తప్పకుండా చేరుస్తుందే గానీ, ఒక మెసేజ్ ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. గొట్టంలో బిందెతో పోసినా చెంబుతో పోసినా అవతలి కొసన పట్టుకునేవారికి నీళ్లే కనిపిస్తాయి, ఎన్నిసార్లు పోశారన్నది కనిపించదు.

మీరిచ్చిన 4096 గరిష్ఠ పరిమితి మాత్రమే. అన్ని బైట్లూ వచ్చేదాకా రిసీవ్ ఆగదు, అప్పటికి ఎన్ని చేరితే అన్నే ఇచ్చేస్తుంది. అందుకే సంఖ్య పెంచినా ఫలితం లేదు. లైనక్స్‌లో లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనకు తానే పంపుకునే దారి) ప్యాకెట్ పరిమితి 65536 బైట్లు కాబట్టి ఒకే కంప్యూటర్‌లో మీ జేసన్ మొత్తం ఒక్క ముక్కగా వచ్చేస్తోంది. ఈథర్‌నెట్ మీద ఆ పరిమితి 1500. హెడర్లు (చిరునామా వంటి వివరాలు) పోగా డేటాకి మిగిలేది మహా అయితే 1460. మొదటి ప్యాకెట్ రాగానే రిసీవ్ తిరిగొస్తే మీ చేతిలో ఉండేది సగమే. మీ కోడ్ చదవడంలో కాస్త ఆలస్యమైతే రెండు మెసేజ్‌లు బఫర్‌లో (వచ్చిన డేటా తాత్కాలికంగా ఉండే చోటు) పోగై ఒకేసారి వస్తాయి. నేగల్ ఆల్గరిథమ్‌ని (చిన్న చిన్న ముక్కలను కలిపి పంపే టీసీపీ పద్ధతి) ఆపేయమనే సలహా ఎవరైనా ఇస్తే పట్టించుకోకండి. దానితో లక్షణాలు తగ్గొచ్చు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

మెసేజ్ హద్దును మీరే పెట్టుకోవాలి. జేసన్‌కి సులువైన దారి ఒక్కో మెసేజ్ చివర ఒక న్యూలైన్. ఇండెంట్ ఇవ్వకపోతే పైథాన్ జేసన్ మాడ్యూల్ మెసేజ్ లోపల అసలు న్యూలైన్ రానివ్వదు కాబట్టి గందరగోళం ఉండదు. వచ్చిన బైట్లన్నీ ఒక బైట్‌అరేకి చేర్చండి. అందులో న్యూలైన్ ఉన్నంతసేపూ అక్కడిదాకా కత్తిరించి పార్స్ చేయండి, మిగిలిన ముక్కను తర్వాతి రిసీవ్ కోసం అలాగే ఉంచండి. చాలామంది తప్పేది ఈ చివరి మెట్టులోనే: మిగిలిన ముక్కను పారేస్తారు.

ఫొటోల వంటి బైనరీ డేటా అయితే ముందు 4 బైట్లలో పొడవు పంపడం మేలు. స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ఆశ్చర్యార్థకం పక్కన పెద్ద ఐ రాస్తే నెట్‌వర్క్ బైట్ క్రమం (పెద్ద విలువ గల బైట్ ముందు) వస్తుంది. అటు వైపు సరిగ్గా 4 బైట్లు నిండేదాకా, ఆ తర్వాత చెప్పిన పొడవు నిండేదాకా లూప్‌లో చదవాలి. ఆ 4 బైట్లు కూడా రెండు ముక్కలుగా రావచ్చు, మరవకండి. పొడవుకు ఒక పరిమితి పెట్టి, దాటితే కనెక్షన్ మూసేయండి. క్లయింట్ పొడవు పంపడం మరచి నేరుగా జేసన్ పంపితే, మొదట ఉండే మీసాల బ్రాకెట్టూ కోట్ గుర్తూ పొడవులో భాగమైపోయి 206 కోట్ల పైచిలుకు సంఖ్య వస్తుంది. పరిమితి లేకపోతే మీ సర్వర్ అన్ని బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

రిసీవ్ ఖాళీ బైట్లు ఇస్తే అవతలివారు పంపడం ముగించారని అర్థం, లూప్‌లోంచి బయటకు రావాలి. రాకపోతే అదే ఖాళీ మళ్లీ మళ్లీ వస్తూ సీపీయూ కోర్ ఒకటి 100 శాతానికి ఎక్కుతుంది. అవతలి మెషీన్‌కి కరెంటు పోతే ఆ ఖాళీ కూడా రాదు. పైథాన్ సాకెట్‌కి మామూలుగా టైమౌట్ ఉండదు కాబట్టి సెట్‌టైమౌట్‌తో 30 సెకన్లో, మీ రీడింగుల మధ్య వ్యవధిని బట్టి ఇంకొంచెమో ఇవ్వండి. కీప్‌అలైవ్ (అవతలివారు ఉన్నారో లేదో అప్పుడప్పుడు పరీక్షించే ఏర్పాటు) ఆన్ చేసి ఊరుకుంటే చాలదు, లైనక్స్‌లో దాని మొదటి పరీక్షే 7200 సెకన్ల తర్వాత.

డీకోడ్ చేయడం మెసేజ్ పూర్తయ్యాకే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు. ముక్క వాటి మధ్యలో తెగితే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వస్తుంది. డీకోడ్‌కి ఇగ్నోర్ (తప్పులను వదిలేయమనే ఎంపిక) పెట్టి ఎర్రర్ నోరు మూయిస్తే అక్షరాలు చడీచప్పుడూ లేకుండా మాయమవుతాయి, అది ఇంకా ప్రమాదం.

పంపే వైపు సెండ్ బదులు సెండాల్ వాడండి. సెండ్ కొన్ని బైట్లే పంపి తిరిగి రావచ్చు. అంతా సరిచేశాక రిసీవ్‌కి 4096 బదులు 1 ఇచ్చి నడిపి చూడండి. నెమ్మదిగానైనా ప్రతి మెసేజ్ సరిగ్గా వస్తే మీ హద్దుల లెక్క కుదిరినట్లే.

ప్రశ్న: యూడీపీలో 1024 బైట్ల తర్వాత డేటా తెగిపోతోంది. మిగతాది తర్వాతి రిసీవ్‌లోనూ రావడం లేదు.

జవాబు: రాదు. యూడీపీలో ఒక రిసీవ్‌కి ఒక డేటాగ్రామే (ఒకసారి పంపిన డేటా మూట). బఫర్‌లో పట్టని భాగాన్ని లైనక్స్ పారేస్తుంది, విండోస్ అయితే 10040 ఎర్రర్ ఇస్తుంది. ఐపీవీ4లో డేటాగ్రామ్‌కి 65507 బైట్లకు మించి డేటా పట్టదు కాబట్టి బఫర్‌కి 65535 ఇచ్చేయండి. పంపేటప్పుడు మాత్రం 1472 బైట్లు దాటకుండా చూసుకోండి. దాటితే ఈథర్‌నెట్ మీద ముక్కలవుతుంది, వాటిలో ఒక్కటి పోయినా మొత్తం డేటాగ్రామ్ పోయినట్లే.