పాత ఫోటోలో నాన్న పరాయివాడిలా కనిపిస్తుంటే

చిన్నప్పటి ఫ్యామిలీ ఫోటో చూస్తుంటే నాన్న ఎవరో తెలియని మనిషిలా కనిపిస్తున్నాడని, అంత దూరంగా ఎందుకు ఉండిపోయాడో ఎలా తెలుసుకోవాలని అడిగారు. ఆయన ఇంకా ఉన్నారని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. "మాకు ఎందుకు దూరంగా ఉన్నావు" అని అడిగితే ఆ తరం మగవాళ్లు జవాబు చెప్పరు, లేచి బయటికి వెళ్లిపోతారు. ఫోటోలో ఉన్న వస్తువుల గురించి అడగండి. నాకు మా బాపు కొంతైనా అర్థమైంది అట్లాగే.

మాది జగిత్యాల దగ్గర పల్లె. బాపు దుబాయిలో తాపీ పని చేసేవాడు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు జోరందుకున్నాక పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి చాలామంది పోయారు. నీళ్లు లేని పొలాలు, బోర్లకు చేసిన అప్పులు, దాని మీద ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన ఇంకో అప్పు. బొంబాయి దాకా బస్సు, అక్కడి నుంచి విమానం. ఇక్కడ ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపేవాళ్లు. మా అవ్వ (అమ్మ) ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు లేని రోజు నాకు గుర్తు లేదు.

బాపు రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. యాక్స్ ఆయిల్, సెంటు సీసాలు, టాంగ్ పొడి తెచ్చేవాడు. ఊరంతా వచ్చి చూసిపోయేది. నాకు మాత్రం ఆయన సూట్‌కేసుతో వచ్చే చుట్టమే. తాత చనిపోయినప్పుడు రాలేదు. చిన్నాయన తలకొరివి పెట్టాడు. కన్నతండ్రి పోయినా రాని మనిషి అని నా మనసులో అప్పుడే ఒక తీర్పు పడిపోయింది. అప్పట్లో పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసాకు పూచీ ఉండే అక్కడి యజమాని దగ్గర ఉండేదని, ఆయన అది ఇవ్వకుండా ఇంటికి రావడం కుదిరేది కాదని నాకు తెలిసేటప్పటికి పెళ్లి కూడా అయిపోయింది.

ఇక ఫోటో. కోరుట్లలో ఒక స్టూడియోలో దిగింది, 1987లో. కలర్ ప్రింటు, ఇప్పుడు మొత్తం ఎర్రబారింది. వెనుక పరదా మీద రంగులతో వేసిన జలపాతం. బాపు కుర్చీలో కర్రలా బిగుసుకుని కూర్చున్నాడు, ఎడమ చెయ్యి మోకాలి మీద, గడియారం కనబడేటట్టు. అవ్వ ఒంటి మీద ఫారిన్ చీర, ఒళ్లో తమ్ముడు. నేను ఈ చివరన ఉన్నాను. నా చూపు కెమెరా వైపు లేదు. ఫోటో అంచులోంచి ఒక చెయ్యి మోచేతి దాకా లోపలికి వచ్చి ఉంటుంది, దాని వేలు పట్టుకుని ఆ చెయ్యి వైపే చూస్తున్నాను. అది చిన్నాయన చెయ్యి. ఇన్నేళ్లూ ఈ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒక్కటే అనిపించేది: తండ్రి పక్కనే ఉన్నా నేను పట్టుకున్నది ఇంకొకరి వేలు.

బాపు పూర్తిగా ఇంటికి వచ్చేశాక ఒకసారి ఈ ఫోటో ముందు పెట్టి గడియారం ఎక్కడ కొన్నావని అడిగాను. "అది నాది కాదు బిడ్డా. మా రూముల ఉండెటాయనది. ఇంటికి పోతున్నవ్, పెట్టుకో అని ఇచ్చిండు. మళ్ల పోయినంక వాపస్ ఇచ్చిన" అన్నాడు. తర్వాత నేను అడగకుండానే మాట సాగింది. "గా యేడే బాకీ తెగింది. నోటు చింపి, అటు నుంచి అటే స్టూడియోకు పోయినం."

ఆ చెయ్యి సంగతి కూడా అడిగాను. "నువ్వు నా దగ్గరికి రాకపోతివి. ఏడిస్తే ఫోటో ఖరాబైతదని నేనే మీ చిన్నాయనను పక్కన నిలబెట్టిన. కోసేస్తనన్నడు ఫోటోగ్రాఫర్, వద్దన్న" అన్నాడు.

దీనితో మేమిద్దరం దగ్గరైపోయామని చెప్పను. ఇప్పటికీ ఫోన్‌లో మా మాటలు వర్షం, మందులు, మనవల చదువు దాటవు. తాత అంతిమయాత్ర నాటి బాధా పోలేదు. కానీ నాకు పరాయి మనిషి కనిపించిన ఫోటోలో ఆయనకు అప్పు తీరిన రోజు కనిపిస్తోంది. కూతురు తన దగ్గరికి రాలేదన్నది కూడా ఆయనకు ఆ రోజే తెలుసు. ఈ రెండూ నేను ఎన్నేళ్లు ఆ ఫోటో చూసినా తెలిసేవి కావు.

ప్రతి నాన్న కథా ఇలాగే తేలుతుందని అనుకోకండి. అక్కడికి పోయి డబ్బు పంపడం మానేసినవాళ్లు, ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల పిల్లల కోపాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. మీకూ చేదు నిజమే బయటపడవచ్చు. అయినా ఊహించుకుని కుమిలిపోవడం కంటే తెలుసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ముందు ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి అంచుల దాకా చూడండి, చొక్కా జేబులు, చెప్పులు, ఎవరి చెయ్యి ఎవరి మీద ఉందో. జిగురు పేజీల పాత ఆల్బమ్‌లో అంటుకుని ఉంటే మాత్రం లాగకండి, పైపొర ఊడి వస్తుంది. ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేయించండి. ఆయన చెప్పినవి ఆ రోజే రాసిపెట్టుకోండి. ఫోటో వెనుక రాస్తే మెత్తని పెన్సిల్‌తో, బాల్ పెన్ గీతలు ముందువైపు తేలతాయి. మీ అమ్మగారో మేనత్తో ఉంటే వాళ్లను విడిగా అడగండి. ఇద్దరూ ఒకేచోట ఉంటే ఒకరి మాటకు ఇంకొకరు సర్దుకుంటారు.