నడిరేయి చెమటలు: అన్నిటికీ దిగులే కారణం కాకపోవచ్చు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నేను తిరుపతిలో టీచర్‌ని, ఒక తమ్ముడున్నాడు. మా అమ్మ పక్షవాతంతో పోయి ఎనిమిది నెలలయింది. నాయనకు 68 ఏళ్లు, ఊళ్లో ఒక్కడే ఉంటాడు. రెండు ఆవులున్నాయి, పొద్దున్నే పాలు పిండి కేంద్రానికి పోసొస్తాడు. రాత్రి మాత్రం ‘ఒక్కడికేం వండుకునేది’ అని మజ్జిగ తాగి పడుకుంటాడు. నడిరేయి దాటాక ఒళ్లంతా చెమటతో లేచి ఏదేదో మాట్లాడుతున్నాడని పక్కింటి చిన్నాయన చెప్పాడు. అమ్మ పిలిచినట్టు వినపడుతుందని నాతో కూడా అన్నాడు. షుగర్, బీపీ మాత్రలున్నాయి. నిద్రకని మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర రెండు నెలలుగా వేసుకుంటున్నాడు. గాలి సోకిందని ఊళ్లో వాళ్లు అంత్రం కట్టించారు. ఆవులు అమ్మేసి తిరుపతిలో మా మూడో అంతస్తు ఇంటికి తెచ్చుకుందామంటే రానంటాడు. నాయనకు మతి తప్పుతోందా? అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఒక్కసారీ ఏడుపు రాలేదు. నాకూ ఏమన్నా అయిందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సలహా: ముందు ఆ చెమటల సంగతి చూద్దామమ్మా, అది ఆలస్యం చేసేది కాదు. రాత్రి తిండి లేకుండా షుగర్ మాత్ర వేసుకునే మనిషి నడిరేయి చెమటలతో లేచి తికమకగా మాట్లాడుతుంటే, నాకు మొదట వచ్చే అనుమానం రక్తంలో చక్కెర పడిపోతోందని. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా, చక్కెరను తగ్గించే ఇన్సులిన్‌ను ఒంట్లో విడుదల చేయిస్తూనే ఉంటాయి. మీ అమ్మగారు ఉన్నన్నాళ్లూ సంగటి పెట్టి, మాత్ర చేతికిచ్చి ఉంటారు. ఇప్పుడు సంగటి పోయింది, మాత్ర మిగిలింది. డోసు కూడా వేళకు తినే మనిషిని చూసి రాసిందే. భార్య పోయిన మగవాళ్లలో ఇది నేను తరచూ చూస్తాను. ఏ మాత్ర ఎప్పుడు, ఏది తిన్నాక అన్నది ఆమెకే తెలిసి ఉంటుంది.

ఇవాళే చిన్నాయనకు ఫోన్ చేసి మందుల చీటీ ఫొటో తెప్పించుకుని, రాసిన డాక్టర్‌కు తిండి తగ్గిన సంగతి చెప్పండి. రేపటిదాకా ఆగొద్దు. ఈ రాత్రి ఆయన ఏదో ఒకటి తినే పడుకోవాలి. తినకపోతే మాత్ర ఏం చేయాలన్నదీ ఆ డాక్టర్‌నే అడగండి. గ్లూకోమీటర్ కొని ఇంట్లో పెట్టండి, చెమట పట్టిన వేళ చూడటం ముఖ్యం. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పెరిగాక కొంచెం ఏమన్నా తినిపించాలి. మీటర్ అందుబాటులో లేకపోయినా చక్కెర ఇచ్చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. కిడ్నీలు మందగిస్తే ఈ మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కావాలి. ఈసీజీ కూడా తీయించండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి చెమటలతోనే రావచ్చు.

ఇక నిద్ర మాత్ర. మందుల షాపుల్లో ఇలా ఇచ్చేది ఎక్కువగా అల్ప్రజోలం రకమే. ఈ వయసులో అది తూలిస్తుంది, చీకట్లో కొట్టం దగ్గర పడితే తుంటి ఎముక విరుగుతుంది. అలాగని రెండు నెలలు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

అమ్మ పిలిచినట్టు వినపడటం మతి తప్పడం కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో డెవి రీస్ అనే డాక్టర్ భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి, 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయినవాళ్లు కనపడినట్టో, వినపడినట్టో, పక్కనే ఉన్నట్టో అనిపించింది. ఎక్కువమంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. మీ నాన్నగారు మీకు చెప్పారు, అది మంచిదే. ‘అమ్మ ఏమంటోంది నాయనా’ అని అడగండి, భయపడొద్దు. ఆ గొంతు చెడ్డ పనులు చేయమంటోందంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీర్ఘకాల దుఃఖం కూడా ఉంది, ఆరు నెలలు దాటడం అందులో ఒక షరతు. కానీ కేలెండర్ ఒక్కదాన్నే చూసి జబ్బని తేల్చరు. మా సీమలో ఏడాది దాకా పండగ లేదు, చాలా ఇళ్లలో కొండకూ పోరు. అలాంటి చోట ఎనిమిది నెలలకు దిగులు ఉండటం వింతేమీ కాదు. పొద్దున్నే లేచి పాలు పిండి, కేంద్రం దగ్గర నలుగురితో మాట్లాడి వస్తున్న మనిషి ఆయన. అందుకే ఆవుల్ని అమ్మొద్దంటున్నాను. రోజుకు రెండు పూటలా ఆయన్ని లేపి నిలబెడుతున్నది ఆ ఆవుల పనే. తిరుపతిలో మూడో అంతస్తు ఇంట్లో మీరంతా డ్యూటీలకు పోయాక ఆయన ఏం చేస్తారు? అప్పుడప్పుడూ పదిరోజులు ఉండి పొమ్మనండి, చాలు. రాత్రి పూట ముద్ద చిన్నాయన ఇంట్లో కుదురుతుందేమో అడగండి, ఖర్చు మీరూ తమ్ముడూ పెట్టుకోండి. ఫోన్‌లో ‘ఎట్లున్నావ్’ అంటే ‘బాగుండా’ అంటారు. ‘ఏం తిన్నావ్’ అని అడగండి.

పాలు పోయడం మానేసినా, బరువు బాగా తగ్గుతున్నా, ‘నేనూ ఆమె దగ్గరికే పోతా’ అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ముందే వేరే చోటికి మార్పించండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

మీ ఏడుపు విషయానికొస్తే, రాకపోవడం జబ్బు కాదు. ప్రేమ తక్కువనీ కాదు. అమ్మ పోయిన రోజు నుంచి నాన్న తిండి, ఊరివాళ్ల మాటలు, బడి అన్నీ మీ తల మీదే ఉన్నట్టున్నాయి. తమ్ముడికి సగం పని అప్పగించండి, కనీసం మందుల బాధ్యత. నిద్ర పట్టకపోయినా, బడిలో పని సాగకపోయినా మీరూ చూపించుకోండి.

నాన్నగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పాతవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. అంత్రం విప్పించే పని పెట్టుకోవద్దు, దాంతో మాకేం పేచీ లేదు.