టాక్రో మీదున్న పేషెంట్ ఎమ్మారై చూసేటప్పుడు

చిరంజీవి శ్రావణికి,

కొత్త ఆస్పత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కేసులు ఎక్కువనీ, నైట్ డ్యూటీలో వాళ్ల బ్రెయిన్ ఎమ్మారై వస్తే టెన్షన్‌గా ఉంటోందనీ రాశావు. ఆ టెన్షన్ కాస్త ఉండనీ అమ్మాయీ, అసలు లేనివాళ్లే ‘సీటీ నార్మల్’ అని రాసి పడుకుంటారు. మార్చిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇమ్యూనిటీని అణిచే టాక్రోలిమస్ (మన భాషలో టాక్రో), సైక్లోస్పోరిన్ లాంటి మందులు మెదడులో చేసే మార్పులు సీటీలో కనబడకపోవడం మామూలే.

ఇమేజులు తెరిచే ముందు వార్డుకి ఫోన్ చెయ్యి. మార్పిడి ఎప్పుడు జరిగింది, వాడేది టాక్రోలిమసా సైక్లోస్పోరినా, బీపీ ఎంత, మెగ్నీషియం ఎంత? ఈమధ్య ఫంగస్ కోసం ఫ్లూకొనజోల్, వొరికొనజోల్ లాంటివి మొదలుపెట్టారా? వాటితో రక్తంలో టాక్రో లెవెల్ ఎగబాకుతుంది. ‘లెవెల్ బాగానే ఉంది సార్’ అంటారు. ఆ మాటకి మందుని లెక్కలోంచి తీసెయ్యకు, లెవెల్ హద్దులోనే ఉన్నా ప్రెస్ (పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్‌సెఫలోపతీ సిండ్రోమ్, అంటే ముఖ్యంగా మెదడు వెనక భాగం వాచే జబ్బు) వస్తుంది. ఎక్కువగా ఉందంటే మాత్రం, రక్తం పొద్దుటి డోసుకి ముందు తీశారో తర్వాత తీశారో అడుగు, డోసు వేసుకున్నాక తీస్తే లెవెల్ ఎటూ ఎక్కువే కనిపిస్తుంది. ఉత్త చేతి వణుకే అయితే స్కాన్ మామూలుగానే ఉంటుంది. తలనొప్పి, చూపు మసకబారడం, తికమక, ఫిట్స్ ఉంటేనే కుర్చీలో నిటారుగా కూర్చో.

ప్రెస్‌ని 1996లో హించీ బృందం 15 మంది పేషెంట్లతో వివరించింది. అందులో ఏడుగురు ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లే. ఫ్లెయిర్ అనే ఎమ్మారై సీక్వెన్సులో తల వెనక భాగాన, పెరైటల్, ఆక్సిపిటల్ లోబుల్లో, రెండు పక్కలా కార్టెక్స్ కింద తెల్లగా కనిపిస్తుంది. అక్కడితో ఆగకు, ఫ్రంటల్ లోబు, సెరెబెల్లమ్, బ్రెయిన్ స్టెమ్ కూడా చూడు. తర్వాత నీటి కదలికని చూపే డిఫ్యూజన్, ఏడీసీ ఇమేజులు పక్కపక్కన పెట్టుకో. ఏడీసీలో తెల్లగా ఉంటే రక్తనాళాల్లోంచి ఊరిన నీరు, చాలావరకు తగ్గుతుంది. నల్లగా ఉంటే కణాలే దెబ్బతింటున్నాయి, పూర్తిగా కోలుకుంటారన్న భరోసా లేదు. చూపుని నడిపే కాల్కరైన్ కార్టెక్స్ ప్రెస్‌లో సాధారణంగా దెబ్బతినకుండా ఉంటుంది. అదీ దెబ్బతిందంటే, మెదడు వెనక భాగానికి రక్తమిచ్చే పోస్టీరియర్ సెరెబ్రల్ ఆర్టరీలో స్ట్రోక్ గురించి ఆలోచించు. రక్తస్రావం కోసం, దాన్ని బాగా పట్టే ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్సు చూడకుండా రిపోర్ట్ ముగించకు.

నేను ఎక్కువ భయపడేది మాత్రం ఇన్ఫెక్షన్‌కి. ఇమ్యూనిటీ అణిచిపెట్టిన ఒంట్లో, అందులోనూ మన దేశంలో, టీబీని మర్చిపోకూడదు. మచ్చ అంచు రింగులా కాంట్రాస్ట్ (స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు) పట్టుకుంటే టీబీ గడ్డ, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, నొకార్డియా అనే బాక్టీరియా అన్నీ తలుచుకోవాలి. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ తెచ్చే మెనింజైటిస్‌లో (మెదడు పొరల వాపు) స్కాన్ దాదాపు నార్మల్‌గా కూడా ఉండొచ్చు, అలాంటప్పుడు వెన్ను నీరు పరీక్ష చేయించమని నువ్వే చెప్పు. కొత్త కిడ్నీ కదా అని కాంట్రాస్ట్ మానేసేవాళ్లున్నారు. అది నాకు నచ్చదు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంతో చెప్పే అంకె) 30 లోపు ఉన్నా, అవసరమైతే నెఫ్రాలజిస్టుతో మాట్లాడి మాక్రోసైక్లిక్ గాడోలినియం రకం కాంట్రాస్ట్ వాడొచ్చు.

రిపోర్టులో ‘టాక్రో ఆపండి’ అని రాయకు. ఉన్నపళంగా ఆపితే అవయవమే రిజెక్ట్ కావచ్చు. డోసు తగ్గించాలా, వేరే మందుకి మార్చాలా అన్నది ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ తేల్చుకుంటుంది. నీకు కనిపించింది, దేనివైపు మొగ్గుతున్నావు, ఎంత నమ్మకంతో, ఇవి స్పష్టంగా రాసి వెంటనే ఫోన్‌లో కూడా చెప్పు. కొన్ని వారాలకి అవే సీక్వెన్సులతో మళ్లీ స్కాన్ అడుగు. మందు మార్చి, బీపీ అదుపులోకి వచ్చాక కూడా మచ్చలు పెరుగుతుంటే, మొదట నువ్వు ప్రెస్ అని రాసిందే తప్పేమోనని అనుమానించాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న