బుజ్జమ్మా, ఓడ సంగతి మీ నాన్నకి ముందే చెప్పు

బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పేసింది. ఎవరికీ చెప్పొద్దని నువ్వు ఒట్టు వేయించుకున్నావట, పాపం ఆపుకోలేకపోయింది, తనని ఏమీ అనకు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పుడే అమ్మానాన్నల్ని సింగపూర్‌లో షికారు ఓడ ఎక్కిస్తున్నావా తల్లీ! మీ పెద్దనాన్నకి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్ళి ముఖం కడుక్కొచ్చారు. నాకు ఒక పక్క ఎంత గర్వంగా ఉందో చెప్పలేను, ఇంకో పక్క రాత్రంతా నిద్ర పట్టలేదు. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ ఇది నోటితో చెప్పగలిగేది కాదు, అందుకే రాస్తున్నా.

ముందు మామూలు విషయాలు గబగబా చెప్పేస్తా. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా చూసుకో, ఓడ దిగాక మళ్ళీ ఇక్కడికే రావాలి కదా. పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉండాలి. మీ నాన్న బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే పెట్టు, పెద్ద సూట్‌కేసులు వాళ్ళు తీసుకుని గదికి చేర్చేసరికి సాయంత్రం అవుతుంది. కరెంటు కుక్కరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకురాకండి, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. మీ అమ్మకి కార్లోనే కడుపులో తిప్పుతుంది కాబట్టి గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకో, ఊపు అక్కడ తక్కువ. ప్రయాణానికి ఇన్సూరెన్స్ తీసుకో, ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు చాలా ఎక్కువ. దారిలో మలేషియాలోని పెనాంగ్‌లో దిగితే చెప్పిన టైముకి అరగంట ముందే ఓడ దగ్గర ఉండండి.

ఇవన్నీ నీకు తెలిసేవే. అసలు విషయం వేరు.

మీ నాన్న సింగపూర్‌లో మా ఇంటికి వస్తున్నానని అనుకుంటాడట, ఇక్కడికి వచ్చాక తిన్నగా ఓడ దగ్గరికి తీసుకెళ్ళి సర్‌ప్రైజ్ చేస్తావట. కాకినాడలో ఎవరికీ తెలియకూడదట, పిఠాపురంలో మీ అమ్మమ్మకి కూడా. వద్దమ్మా. ఈ ఒక్క మాట విను. ఓడ ఎక్కుతున్న సంగతి దాచకు. ఇలా అంటే నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా అంటాను. 2021 ఏప్రిల్లో మేం దాచాం కాబట్టే అంటున్నాను. ఆ మూడు రోజులూ మా ఫోన్లు ఎందుకు మోగలేదో నీకు ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు. ‘సిగ్నల్ లేదు’ అని తేల్చేశాం. అది నిజం కాదు.

అప్పటికి మేం చివరిసారి కాకినాడ వచ్చి వెళ్ళి ఏడాదిన్నర. మామూలు విమానాలు 2020 మార్చిలో ఆగిపోయాయి, అవి మళ్ళీ మొదలయ్యింది 2022 మార్చి ఆఖర్లో. ప్రత్యేక విమానంలో వచ్చినా తిరిగొచ్చాక హోటల్ గదిలో 14 రోజులు ఉండాలి. ఆ ఏడు మీ పెద్దనాన్నకి అరవై నిండాయి, షష్టిపూర్తి అక్కడ అందరి మధ్యా చేసుకోవాలని ఎంత ఆశపడ్డారో. కుదరలేదు. ఉగాది 13న. కొత్త సంవత్సరం పేరు ప్లవ. ప్లవ అంటే పడవ కదా, ఈ ఏడాది మనల్ని ఒడ్డుకి చేరుస్తుందని పంచాంగం చెప్పేవాళ్ళంతా అన్నారు. అది విని ఈయన చిన్నప్పటి కోరిక నాకు గుర్తొచ్చింది. కాకినాడ జగన్నాథపురంలో ఉన్నప్పుడు మీ నాన్నా ఈయనా దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తూ సాయంత్రాలు గడిపేవాళ్ళట, సరుకు బార్జీల్లో వెళ్తుంటే ఏ ఓడ ఏ దేశానిదో పందెం వేసుకునేవాళ్ళట. ఒక్కసారైనా ఎక్కాలని ఇద్దరికీ ఉండేది.

అప్పుడు సింగపూర్ నుంచి ఎక్కడా ఆగని ఓడలు తిరిగేవి, ఇక్కడ ఉండేవాళ్ళకి మాత్రమే. మూడు రాత్రులకి నేనే టికెట్లు తీశాను. ఇంట్లో మాత్రం చెప్పొద్దన్నాను. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లో యోకొహామా దగ్గర ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడలో 700 మందికి పైగా కరోనా వచ్చిందని మీ నానమ్మ టీవీలో రోజూ చూసి, ఓడ పేరెత్తితేనే భయపడేది. పైగా కాకినాడలో కేసులు పెరుగుతున్నాయి, ఇక్కడ మేం షికారుకి వెళ్తున్నామంటే ఏమనుకుంటారోనని నాకు మొహమాటం. మెల్బోర్న్‌లో ఉన్న మా అబ్బాయికి కూడా చెప్పలేదు.

ఎక్కే ముందు ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేశారు. ఓడలో సగం గదులు ఖాళీ, ఎటు చూసినా మాస్కులు. మెడలో టోకెన్ వేసుకుని తిరగాలి, ఎవరి పక్కన ఎంతసేపున్నామో అందులో ఎక్కుతుందట. వేరే కుటుంబంతో బల్ల దగ్గర కూర్చోకూడదు, బఫే దగ్గర గరిటె ముట్టుకోకూడదు, ఈతకొలనుకి టైము రాయించుకోవాలి. ఎవరైనా దగ్గితే అందరూ తిరిగి చూసేవాళ్ళు, ఎందుకంటే అంతకు ముందు డిసెంబరులో ఇక్కడి ఓడ ఒకటి 83 ఏళ్ళ పెద్దాయనకి పాజిటివ్ వచ్చిందని ఒక రోజు ముందే వెనక్కి వచ్చేసింది, గంటల తరబడి అందర్నీ గదుల్లోనే కూర్చోబెట్టారు, తర్వాత చూస్తే ఆయనకి ఏమీ లేదు.

గదిలో టీవీలో ఓడ వెళ్ళే దారి గీతలా కనిపించేది. మలక్కా జలసంధిలోకి కొంత దూరం వెళ్ళి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ వచ్చిన దారే. మీ పెద్దనాన్న రెండో రోజు ఆ గీత చూస్తూ, “ఎక్కడికీ వెళ్ళట్లేదు కదే మనం” అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆయన జీవితమంతా ఎదురుచూసిన ఓడ అది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. ఓడలో ఇంటర్నెట్‌కి వేరే డబ్బులు కట్టాలి, వద్దన్నాను. డబ్బు కోసం కాదు. అప్పటికి నెలరోజులుగా ఆయన రాత్రిళ్ళు కాకినాడ వార్తలు చూస్తూ నిద్రపోవట్లేదు, ఈ మూడు రోజులైనా ప్రశాంతంగా ఉండాలనుకున్నా. రెండు ఫోన్లూ స్విచాఫ్ చేసి గదిలో లాకర్‌లో పెట్టాను. తాళం నంబరు ఆయనకి చెప్పలేదు. ఫొటోలకి పాత కెమెరా ఉంది కదా అనుకున్నా.

మూడో రోజు, ఆదివారం రాత్రి, డెక్ మీద నిలబడ్డాం. ఓడ సింగపూర్‌కి దగ్గరవుతోంది, చుట్టూ ట్యాంకర్ల దీపాలు. ఉన్నట్టుండి పక్కవాళ్ళ ఫోన్లు ఒకటొకటిగా మోగడం మొదలుపెట్టాయి. సిగ్నల్ వచ్చిందన్నమాట. “ఒకసారి ఫోన్ ఇవ్వవే, అమ్మ ఎలా ఉందో కనుక్కుంటా” అన్నారు. “రేపు పొద్దున్నే చూద్దురుగాని, ఇంకొక్క రాత్రే కదా” అన్నాను నేను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రే కదా బుజ్జమ్మా, నువ్వు ఆసుపత్రి బయట స్కూటీ మీద కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నావు. సోమవారం పొద్దున ఫోన్ తెరిస్తే నీవి 17 మిస్డ్ కాల్స్. మీ నానమ్మకి ఆక్సిజన్ 86కి పడిపోయింది, విశాఖ తీసుకెళ్ళాలా కాకినాడలోనే ఉంచాలా తెల్లారేలోగా తేల్చుకోమన్నారు డాక్టర్లు. మీ నాన్న అన్నయ్యని అడగాలనుకున్నాడు. అన్నయ్య దొరకలేదు. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆవిడ ‘పెద్దాణ్ణి ఒకసారి చూపించండ్రా’ అందట. ఆ మాట మీ అమ్మ నాకు ఏడాది తర్వాత చెప్పింది. మా అబ్బాయికి ఫోన్ చేస్తే వాడికీ తెలియదు, మాకేదో అయిందని వాడు ఇక్కడి పక్కింటివాళ్ళని నిద్రలేపాడు. పందొమ్మిదేళ్ళ పిల్లవి, ఒక్క రాత్రిలో ఎంతమందికి ఫోన్ చేశావో.

మీ నాన్న ఒక్కడే ఆలోచించుకుని కాకినాడలోనే ఉంచాడు. 13 రోజులకి ఆవిడ ఇంటికొచ్చింది. దేవుడి దయ, మీ నాన్న ధైర్యం. మేం బయల్దేరదామనుకునేలోగా ఏప్రిల్ 23 అర్ధరాత్రి నుంచి ఇండియా రాకపోకల మీద సింగపూర్ ఆంక్షలు ఇంకా బిగించింది, మళ్ళీ ఏడాదిదాకా రాలేకపోయాం. వచ్చినప్పుడు మీ నానమ్మ పెద్దనాన్న గడ్డం పట్టుకుని “ఓడ ఎక్కావటగా, సముద్రం ఎలా ఉందిరా?” అని అడిగింది. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. మీ నాన్న మాత్రం లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ అన్నదమ్ములిద్దరూ పండగలకి ఫోన్ చేసుకుంటారు, బాగున్నావా అంటే బాగున్నా, అంతే. తప్పు ఈయనది కాదు, నాది. అది మీ నాన్నకి తెలియదు. నేను చెప్పకుండా ఈయన ఆపారు.

అందుకని, ఇంటర్నెట్ ప్యాకేజీ ఒక్క ఫోన్‌కైనా తప్పకుండా తీసుకో, వాట్సాప్ కాల్ వెళ్ళే రకం. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై మాత్రమే వాడు, లేకపోతే సముద్రం మీద రోమింగ్ బిల్లు భయంకరంగా వస్తుంది. ఓడ పేరు, బుకింగ్ నంబరు, గది నంబరు, అత్యవసరానికి ఓడకి ఫోన్ చేసే నంబరు కాగితం మీద రాసి పిఠాపురంలో మీ అమ్మమ్మ మంచం పక్కన గోడకి అంటించు. ఆవిడకి 80 దాటాయి. రోజూ పొద్దునా సాయంత్రం ఒకసారి మాట్లాడండి.

మీ నాన్నకి ఇవాళే చెప్పు. ఈ ఉత్తరం కూడా చదివి వినిపించు, లాకర్ సంగతి దగ్గర ఆపొద్దు.

ఇంకొకటి. మీ పెద్దనాన్న పొద్దున్నుంచీ అదే ఓడలో ఇంకో గది ఖాళీ ఉందేమో చూడమంటున్నారు. డబ్బులు మేమే కట్టుకుంటాం. కానీ ముందు మీ నాన్నని అడుగు. సరే అంటే అదే అంతస్తులో చూడు. వద్దంటే బలవంతపెట్టకు, మేం మెరీనా బేలో ఓడ ఎక్కే చోటు దాకా వచ్చి మిమ్మల్ని ఎక్కించి వెళ్తాం.

మీ పెద్దమ్మ