నిజమా, సవాలా?

సందేహం: మొన్న కళింగపట్నం బీచ్‌లో స్నేహితులం సీసా తిప్పి ‘ట్రూత్ ఆర్ డేర్’ ఆడుకున్నాం. సీసా మూతి ఎవరి వైపు ఆగితే వాళ్లు అడిగినదానికి నిజం చెప్పాలి, లేదంటే మిగతావాళ్లు చెప్పిన పని చెయ్యాలి. ఫోన్‌లో దీన్ని ‘నిజం లేదా ధైర్యం’ అన్నారు. మాలో కొందరు ‘పందెం’ అన్నారు. ఆమదాలవలస అమ్మాయి “నిజిం సెప్తావా, సెప్పింది సేస్తావా?” అంటే అందరూ నవ్వారు. ఏది సరైనది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

సమాధానం: మీరంతా నవ్విన ఆ మాటే అన్నిటికన్నా మేలు.

ధైర్యం మనసులో ఉండే గుణం, ఒకరు అప్పజెప్పే పని కాదు. ‘ధైర్యం చేశాడు’ అంటే తెగించాడని, ‘ధైర్యం చెప్పాడు’ అంటే ఓదార్చాడని. ఆటలో “నాకు ధైర్యం” అంటే ఏం కావాలన్నట్టు? ‘లేదా’ కూడా అక్కడ అతకదు. “సోమవారం లేదా మంగళవారం రండి” అని రాస్తాం గాని, ఎదుటి మనిషిని “కాఫీయా, టీయా?” అనే అడుగుతాం.

పందేనికి ఒడ్డడానికి ఏదో ఒకటి ఉండాలి. ఓడినవాళ్లు సమోసాలు కొనాలన్న షరతు పెట్టుకుంటే తప్ప మీ ఆట పందెం కాదు. ‘పంతం’ అందామన్నా, అది ఎవరికి వారు పట్టేది. ఎదుటివారి మీదికి విసిరేది సవాలు. ఈ మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరింది. ఉర్దూలో ‘సవాల్’ అంటే ప్రశ్న. మన దగ్గర “చేతనైతే చెయ్యి” అనే అర్థం స్థిరపడింది. ప్రశ్నలూ పరీక్షలూ కలిసిన ఆటకు ఇంతకన్నా తగిన మాట నాకు తోచలేదు. అందుకని పేరుగా ‘నిజమా, సవాలా?’ అనండి. నిజము+ఆ, సవాలు+ఆ, రెండూ ఉత్వసంధులే.

ఆడేటప్పుడు మాత్రం ఆ అమ్మాయిలాగే అడగండి. ‘సెప్తావా’లో చెప్పేది ఆడే మనిషి, ‘సెప్పింది’లో చెప్పేది చుట్టూ కూర్చున్నవాళ్లు. ఆట నియమమంతా ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది! ‘చ’ను ‘స’గా పలకడం తప్పు కాదు. సెట్టు, సేను, సెయ్యి అని మీ వైపు పల్లెల్లో ఒకే తీరుగా వినిపించే పలుకుబడి అది. జనం నోటి తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాలోదే. పరీక్ష పేపర్లో ‘చెప్తావా, చేస్తావా’ అని రాసుకోండి. కథలో ఆ ఊరి పాత్ర చేత పలికిస్తే మాత్రం ‘సెప్తావా’ అనే రాయాలి.