ఐదుగురం వెళ్తే కారే చవక కదా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం ఉండేది ఒక పెద్ద నగరానికి 60 కిలోమీటర్ల దూరంలో. సెలవు చూసుకుని మావారు, నేను, మా అత్తగారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఒక రోజంతా నగరం చూసి రావాలనుకుంటున్నాం. మ్యూజియం, కోట, పార్కు, పాత బజారు, నది ఒడ్డు చూడాలని ఉంది. కారు ఎలాగూ ఉంది, ఐదుగురికి టికెట్లు కొనే డబ్బుతో పెట్రోలు వచ్చేస్తుంది, కారులోనే తిరుగుదాం అంటారు మావారు. మెట్రో, బస్సుల్లో తిరిగితేనే మిగులుతుందని నా ఆలోచన. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మా ఇద్దరిలో ఎవరి లెక్క సరైనది?

జవాబు: పెట్రోలు వరకే చూస్తే మీవారి లెక్క కరెక్టేనండీ. కానీ ఆ రోజు మీ జేబులోంచి పోయేది పెట్రోలు డబ్బు ఒక్కటే కాదు. మిగతావి కూడా కలిపి చూస్తే మీ మాట నెగ్గుతుంది. అయితే అది ఒకే ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. అదేమిటో చెప్తాను.

ఊరికో ధర కాబట్టి డబ్బుల్లో కాకుండా టికెట్లలో లెక్కేద్దాం. పెద్దవాళ్లు ఒకసారి ఎక్కి దిగడానికి అయ్యే టికెట్టే మన కొలత. లీటరు పెట్రోలు 3 టికెట్లతో సమానం అనుకుందాం. గంటల లెక్కన పార్కింగ్ ఒక్కో చోట 4 టికెట్లు, రోజంతా తిరిగే పాస్ కూడా 4 టికెట్లు అనుకుందాం. ఇవన్నీ నేను ఉదాహరణకి వేసుకున్నవి. మీరు వెళ్లే నగరం ధరలు తెలుసుకుని వీటి స్థానంలో పెట్టుకోండి, పద్ధతి మాత్రం మారదు.

ముందు కారు సంగతి. ఐదు చోట్లకీ తిరిగి, పార్కింగ్ కోసం వెతుక్కోవడం కూడా కలిపితే నగరం లోపల 35 కిలోమీటర్లు అవుతుందనుకోండి. హైవే మీద లీటరుకి 15 ఇచ్చే బండి సిగ్నళ్ల మధ్య, ఏసీ వేసుకుని, ఆగుతూ కదులుతూ 10 ఇస్తే గొప్ప. అంటే మూడున్నర లీటర్లు, పదిన్నర టికెట్లు. టైర్లు, బ్రేకులు, ఆయిలు అరుగుదలకి పెట్రోలులో మూడో వంతు వేయడం నాకు అలవాటు. అది మరో మూడున్నర. మొత్తం 14. నాలుగు చోట్ల డబ్బు కట్టి పార్కింగ్ చేస్తే 16. అన్నీ కలిపి 30 టికెట్లు.

ఇప్పుడు పాస్‌లు. పెద్దవాళ్లు ముగ్గురికి 12. బాబుకి సగం ధర అనుకుంటే 2. నాలుగేళ్ల పిల్లలకి చాలా చోట్ల టికెట్ ఉండదు. మొత్తం 14.

పెట్రోలు పదిన్నర, పాస్‌లు 14. మీవారు చూసింది ఈ రెండు అంకెలే, అక్కడ ఆయనదే పైచేయి. పార్కింగ్ కలిపితే 30కి 14. మరి పార్కింగ్ ఎక్కడా డబ్బు కట్టక్కర్లేకపోతే? అప్పుడు 14కి 14, సరిసమానం. నేను చెప్పిన ఆ ఒక్క అంకె ఇదే. కాబట్టి టికెట్ ధరల గురించి ఇద్దరూ వాదించుకునే ముందు, మీరు చూడబోయే ఐదు చోట్ల పార్కింగ్‌కి గంటకి ఎంత తీసుకుంటారో కనుక్కోండి. ఎంతమంది వెళ్తున్నారన్నది ఆ తర్వాత సంగతి. మన లెక్కలో పార్కింగ్‌కి డబ్బు కట్టే చోట అందరూ పూర్తి టికెట్ వాళ్లే అయినా ఏడుగురి వరకు పాస్‌లే చవక. పార్కింగ్ ఉచితమైతే ముగ్గురు దాటగానే కారు ముందుకొస్తుంది.

కారు ఈఎంఐ, ఇన్సూరెన్స్ ఎందుకు కలపలేదని మీకు అనుమానం రావచ్చు. మీరు కదలకుండా ఇంట్లో కూర్చున్నా అవి కట్టాల్సిందే, అందుకే కలపలేదు. ఆ రోజు ప్రయాణం వల్ల కొత్తగా పోయే డబ్బునే పోల్చుకోవాలి. ‘కారు ఎలాగూ ఉంది కదా’ అనే మాటకీ ఇదే జవాబు. కారు కొన్న డబ్బు ఎప్పుడో అయిపోయింది. ఆ రోజు కారు తీసినా తీయకపోయినా అది వెనక్కి రాదు. అద్దె కారైతే మాత్రం అద్దె, డ్రైవర్ బత్తా, అదనపు కిలోమీటర్ల ఛార్జీ అన్నీ కలపాలి. అవన్నీ కొత్త ఖర్చే కదా.

ఈ పార్కింగ్ గురించి నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా కుటుంబం ఇలాగే కారులో ఒక నగరం చూడ్డానికి వెళ్లింది. మ్యూజియం చుట్టూ నలభై నిమిషాలు తిరిగాక పక్క వీధిలో ఒక బహుళ అంతస్తుల పార్కింగ్‌లో చోటు దొరికింది. అది గంటల లెక్క. లోపల ఒక్కో బొమ్మ ముందు నిలబడి దాన్ని చూడాల్సింది పోయి చేతి గడియారం చూసుకున్నాను. మూడో గంట మొదలవక ముందే బయటపడదామని పిల్లల్ని తొందరపెట్టాను. తీరా బయటికొస్తే పార్కింగ్ చీటీ కనబడలేదు. చీటీ పోతే రోజంతటి ఛార్జీ కట్టాలని గేటు దగ్గర బోర్డు ఉంది. కట్టి వచ్చాం. ఆ రోజు బండి నడిచింది ఎంతసేపని ఇంటికొచ్చాక చూసుకుంటే రెండు గంటలు కూడా లేదు. మిగతా సమయమంతా అది ఎక్కడో ఒకచోట నిలబడే ఉంది, నిలబడినందుకే మేం డబ్బు కట్టాం. ఊరు చూసే రోజు కారు పరిస్థితి అదే. మనం నడిచి చూస్తుంటాం, మనకోసం అది కాచుకుని ఉంటుంది.

కొన్ని నగరాల్లో పార్కింగ్ దాకా వెళ్లకముందే ఖర్చు మొదలవుతుంది. నగరం నడిబొడ్డుకి వచ్చే కార్ల దగ్గర రుసుము వసూలు చేయడం సింగపూర్‌లో 1975లోనే మొదలైంది. లండన్‌లో 2003 నుంచి, స్టాక్‌హోమ్‌లో 2007 నుంచి శాశ్వతంగా అమల్లో ఉంది. లండన్‌లో కెమెరాలు నంబర్ ప్లేటు చదివేస్తాయి, రోజుకి ఒకసారి కడితే సరిపోతుంది. స్టాక్‌హోమ్‌లో ఆ నడిబొడ్డు సరిహద్దు దాటిన ప్రతిసారీ, సమయాన్ని బట్టి పడుతుంది. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లకి ఈ సంగతి తెలియదు, ఇంటికెళ్లాక జరిమానా నోటీసు చూసుకుని లబోదిబోమంటారు. కారులో వెళ్లాలని నిర్ణయించుకుంటే, వెళ్లే నగరంలో ఇలాంటి నిబంధన ఉందేమో ముందే చూసుకోండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొన్ని చోట్ల టికెట్టే కొనక్కర్లేదు. లక్సెంబర్గ్ దేశమంతటా 2020 నుంచి బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు ఉచితం. మెల్‌బోర్న్ నగర కేంద్రంలో ట్రామ్ ప్రయాణం 2015 నుంచి ఉచితం. ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో 2013 నుంచి ఉచితమే కానీ అది ఆ ఊరివాళ్లకి, చూడ్డానికి వచ్చినవాళ్లు టికెట్ తీసుకోవాలి. ఈ తేడా చూసుకోకుండా ఎక్కేస్తే మిగిలినదంతా జరిమానాకే పోతుంది.

ఇక పాస్ విషయం. చాలామంది స్టేషన్‌లో అడుగు పెట్టగానే డే పాస్ కొనేస్తారు. దయచేసి అలా కొనకండి. పాస్ ధరని విడి టికెట్ ధరతో భాగించండి. 4 వచ్చిందంటే, ఐదోసారి ఎక్కితేనే పాస్ మీకు మిగిలించినట్టు. మీ జాబితా చూస్తే కోట, పాత బజారు, నది ఒడ్డు ఒకదానికొకటి నడక దూరంలో ఉండే అవకాశం ఉంది. మ్యాప్ తీసి చూడండి. ఆ మూడూ ఒక గుత్తిగా, మ్యూజియం, పార్కు ఇంకో గుత్తిగా పెట్టుకోగలిగితే రోజు మొత్తం మీద ఎక్కేది మూడుసార్లే. అప్పుడు విడి టికెట్లే చవక, పెద్దవాళ్లకి 9, బాబుకి ఒకటిన్నర, మొత్తం పదిన్నరతో పనైపోతుంది. అంటే మీవారు చెప్పిన ఒట్టి పెట్రోలు ఖర్చుతో సమానం! ఇందులో మీకు దక్కిన లాభమంతా ఏ చోటు తర్వాత ఏ చోటు చూడాలో ముందే అనుకోవడం వల్ల వచ్చింది.

పాసే కొనాల్సి వస్తే అది ఎన్ని గంటలకి ముగుస్తుందో అడగండి. కొన్ని పాస్‌లు ఆ రోజు రాత్రితో అయిపోతాయి, కొన్ని మొదటిసారి వాడిన దగ్గర్నుంచి 24 గంటలు పనిచేస్తాయి. చవకగా దొరికే పాస్ కొన్నిసార్లు ఉదయం రద్దీ తగ్గాకే చెల్లుతుంది. పిల్లల రాయితీకి కొన్ని చోట్ల వయసు చూస్తారు, కొన్ని చోట్ల ఎత్తు కొలుస్తారు. అత్తగారికి సీనియర్ సిటిజన్ రాయితీ వర్తిస్తుందేమో చూడండి, వయసు తెలిపే కార్డు మర్చిపోకుండా పెట్టుకోండి.

కొన్ని నగరాల్లో పాస్ కొనాలా వద్దా అన్న టెన్షనే లేదు. కార్డు ఆనించి ఎక్కుతూ పోతే, ఆ రోజుకి ఒక పరిమితి దాటాక ఇక డబ్బు కోయదు. లండన్‌లో ఆయిస్టర్ కార్డుకి 2005 నుంచి ఇలా ఉంది. ఇలాంటి చోట ఒక్క జాగ్రత్త చాలు. మనిషికో కార్డు ఉండాలి, పొద్దున ఏది ఆనించారో రాత్రి వరకు అదే ఆనించాలి. పొద్దున బ్యాంకు కార్డు, మధ్యాహ్నం అదే కార్డు ఫోన్‌లోంచి వాడితే మెషిన్‌కి అవి ఇద్దరు మనుషుల కింద లెక్క, పరిమితి దగ్గరికే రారు. దిగేటప్పుడు ఆనించాల్సిన చోట ఆనించడం మర్చిపోతే అతి పెద్ద ఛార్జీ పడుతుంది. పిల్లల్ని పట్టుకుని హడావిడిగా దిగేవాళ్లకే ఇది ఎక్కువ జరుగుతుంది. కార్డులన్నీ మీ ఇద్దరిలో ఒక్కరి చేతిలో ఉంచుకుని, గేటు దగ్గర ఆగి పంచండి.

మ్యూజియం టికెట్లు, ప్రయాణం కలిపి అమ్మే టూరిస్ట్ కార్డులు కూడా ఉంటాయి. అవి కొనేముందు, ఆ కార్డు లేకపోయినా మీరు చూసి తీరేవాటి ధరలు మాత్రమే కూడండి. కార్డులో ఉన్నాయి కదా అని పదిహేను చోట్లు తిరగలేరు. అందులోనూ నాలుగేళ్ల పాపతో రోజుకి మూడు చోట్లు దాటడం కష్టం.

ఇంటి నుంచి నగరం దాకా 60 కిలోమీటర్లు మాత్రం కారులోనే రండి. పోనూ రానూ 120 కిలోమీటర్లకి హైవే మీద 8 లీటర్లు. ఆ దూరానికి ఐదుగురికీ విడిగా రైలు లేదా బస్సు టికెట్లు, ఇంటి నుంచి స్టేషన్‌కి ఆటో కలిపితే కారు వెనకబడకపోవచ్చు, పాపకి నిద్రొచ్చినా వెనక సీటులో పడుకోబెట్టవచ్చు. నగరం అంచున పార్కింగ్ ఉన్న మెట్రో లేదా లోకల్ రైలు స్టేషన్ చూసుకుని బండి అక్కడ పెట్టి లోపలికి వెళ్లండి. అంచున పార్కింగ్ సాధారణంగా తక్కువ ధరకే దొరుకుతుంది. మీవారికి కారూ ఉంటుంది, మీకు డబ్బూ మిగులుతుంది. రాత్రి ఆ పార్కింగ్ ఎన్నింటికి మూస్తారో, అటువైపు ఆఖరి రైలు ఎన్నింటికో ముందే రాసిపెట్టుకోండి.

అత్తగారి మోకాళ్ల సంగతి నేను ఖర్చు కిందే లెక్కేస్తాను, ఎందుకంటే ఆవిడ అలసిపోతే రోజంతా వృథా. మా అమ్మని ఒకసారి మెట్రోలో తీసుకెళ్లాను. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, కానీ మేం దిగిన గేటు వైపు లేదు, రోడ్డుకి అవతల ఉంది. అరవై రెండు మెట్లు, అమ్మ రెయిలింగ్ పట్టుకుని నాలుగు చోట్ల ఆగింది. ఆ తర్వాత చూసినవేవీ ఆవిడకి గుర్తు లేవు, మెట్లు మాత్రం ఇప్పటికీ చెప్తుంది. అందుకని నేను మీకు వేసే బడ్జెట్‌లో 10 టికెట్ల డబ్బు పక్కన పెడుతున్నాను, ట్యాక్సీ కోసం. పార్కింగ్ కట్టకపోవడం వల్ల మిగిలిన 16లోంచే అది వస్తుంది. మధ్యాహ్నం ఆవిడకి కాళ్లు లాగుతున్నాయంటే వెనకాడకుండా అందరూ ట్యాక్సీ ఎక్కేయండి. దిగబోయే స్టేషన్లలో లిఫ్ట్ ఏ గేటు వైపు ఉందో ముందు రోజు రాత్రే చూసి ఒక కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం బాబుకి ఇవ్వండి. దారి చూపించే పని తొమ్మిదేళ్ల పిల్లలు చాలా ఇష్టంగా చేస్తారు.